అలోన్, లోన్లీ, సాలిట్యూడ్: ఎక్కడ ఏది వాడాలి?

మాట వెతుక్కునే ముందు ఒకటి తేల్చుకోండి. మీరు చెప్పాలనుకుంటున్నది పక్కన ఎవరూ లేరన్న సంగతా, తోడు లేదన్న బాధా? సంగతి మాత్రమే అయితే ‘అలోన్’. బాధ అయితే ‘లోన్లీ’. నిండు సభలో కూర్చున్న మనిషి కూడా లోన్లీగా ఉండొచ్చు. గదిలో ఒక్కడే పుస్తకం చదువుకుంటున్నవాడు అలోన్, అయినా హాయిగానే ఉన్నాడు.

నేను ఇంగ్లిష్ పాఠాలు చెబుతాను. ఇంటర్వ్యూకి తయారవుతున్న ఒకమ్మాయి ‘ఐ డిడ్ ద ప్రాజెక్ట్ లోన్లీ’ అని రాసుకొచ్చింది. తను చెప్పాలనుకున్నది ఎవరి సాయమూ లేకుండా చేశానని. అలాంటప్పుడు ‘బై మైసెల్ఫ్’ అన్నా తప్పులేదు గానీ, నేనైతే ‘ఆన్ మై ఓన్’ అనమంటాను. సొంతంగా నెగ్గుకొచ్చానన్న ధీమా అందులో వినిపిస్తుంది.

‘అలోన్’ మధ్యయుగాల ఇంగ్లిష్‌లో ‘ఆల్ వన్’ కలిసిపోయి పుట్టిన మాట. నామవాచకం ముందు పెట్టకండి. ‘ఏన్ అలోన్ ట్రావెలర్’ తప్పు, ‘ఎ లోన్ ట్రావెలర్’ ఒప్పు. నామవాచకం తర్వాత వస్తే అర్థమే మారుతుంది: ‘మనీ అలోన్’ అంటే డబ్బొక్కటే అని. ఇక ‘లోన్లీ రోడ్’ అంటే జనసంచారం లేని దారి.

నాకు బాగా ఇష్టమైనది ‘సాలిట్యూడ్’. మన ఏకాంతానికి బాగా దగ్గరి మాట, చాలావరకు కోరి తెచ్చుకునేది. అందుకే పరామర్శ ఉత్తరాల్లో జాగ్రత్త. భార్య పోయిన పెద్దాయనకు రాస్తూ ‘యువర్ సాలిట్యూడ్’ అంటే ఆ స్థితిని ఆయనే ఎంచుకున్నట్టు ధ్వనిస్తుంది. అక్కడ ‘లోన్లీనెస్’ అనాలి. 2018లో బ్రిటన్ ఒక మంత్రికి ఈ సమస్య అప్పగించినప్పుడు పదవి పేరులో పెట్టిన మాట అదే. 2021లో జపాన్ కూడా మంత్రిని పెట్టింది. ఆ పదవి ఇంగ్లిష్ పేరులో ‘లోన్లీనెస్’ పక్కనే ‘ఐసొలేషన్’ కూడా ఉంటుంది. మొదటిది మనసులోని బాధ, రెండోది మనుషులతో రాకపోకలు తెగిపోవడం. ‘ఐసొలేటెడ్’కి మూలమైన లాటిన్ మాటకు దీవి అని అర్థం.

‘సాలిటరీ’ కాస్త గంభీరమైన మాట, రాతలోనే ఎక్కువ కనిపిస్తుంది. జైల్లో ఒంటరి గదిలో పెట్టే శిక్షకూ ఇదే పేరు. ‘లోన్సమ్’ అమెరికన్లు ఎక్కువగా అంటారు, మీరు వాడకపోయినా నష్టం లేదు.

కాసేపు ఎవరూ పలకరించకుండా ఉంటే బాగుండు అనిపిస్తే ‘లీవ్ మీ అలోన్’ అనకండి, విసుక్కున్నట్టుంటుంది. ‘ఐ నీడ్ సమ్ టైమ్ టు మైసెల్ఫ్’ అనండి.