పిడుగు ఎంత దూరంలో ఉందో అర్జునుడి పది పేర్లతో లెక్కగట్టడం ఎలా?

ఉరిమిందంటే చాలు, మా నాయనమ్మ "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ..." అని అందుకునేది. ధనంజయుడి దాకా పది పేర్లు. అవి పిడుగును ఆపుతాయో లేదో గానీ, పిడుగు దూరం కొలవడానికి మాత్రం అంతకన్నా చవకైన గడియారం లేదు. పేరుకు ఒక సెకను పట్టేలా నింపాదిగా పలికితే పది పేర్లకు పది సెకన్లు. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే పది పేర్లకు 3.4 కిలోమీటర్లు. నాయనమ్మ పద్ధతిలో ఒకటే మార్పు: ఉరిమినప్పుడు కాదు, మెరిసినప్పుడు మొదలుపెట్టాలి.

ముందు చోటు చూసుకోండి. డాబా మీద కాదు, ఇంట్లో, కిటికీకి రెండడుగులు లోపల, ఇనుప ఊచలు పట్టుకోకుండా. టీవీ, ఫ్రిజ్, ఛార్జర్ల ప్లగ్గులు మొగులు దగ్గరపడక ముందే తీసేయాలి. ఉరుముతుంటే వాటి జోలికి పోవద్దు.

ఇక లెక్క. మెరవగానే మొదటి పేరు, ఉరుము చెవిన పడగానే ఆపడం. వచ్చిన అంకెను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. మెరుపు మీద మెరుపు వస్తుంటే ఏ ఉరుము దేనిదో తెలియదు, అందుకే విడిగా మెరిసినదాన్నే ఎంచుకోండి. ఒక మే నెల సాయంత్రం నల్లగొండలో పానగల్లు వైపు చూస్తూ లెక్కపెట్టాను. మొదట 24, కాసేపటికి 17, ఆ తర్వాత 9. ఎనిమిది కిలోమీటర్ల నుంచి మూడుకు వచ్చేసింది. తర్వాత పేర్లు పలికే ఓపిక లేదు, కిటికీ మూసేశాను. అంకె తగ్గుతుంటే మొగులు మనవైపు వస్తోందని, పెరుగుతుంటే దాటిపోయిందని.

అసలు వినపడకపోతే? ఉరుము సాధారణంగా 15, 20 కిలోమీటర్లు దాటి వినిపించదు. ఎండకాలం రాత్రి దూరాన చప్పుడు లేకుండా మెరుస్తుంటే "వేడికి మెరుస్తోంది" అంటారు. వేడికి కాదు, ఆ కింద ఎవరి ఊళ్లోనో ఉరుముతూనే ఉంటుంది.

తర్వాత వెలుగును గమనించండి. మబ్బు మొత్తం లోపల లైటు వేసినట్టు తెల్లబడితే, అది మబ్బులోనే జరిగిన మెరుపు. ఎక్కువ మెరుపులు అవే. పైన గడ్డకట్టే చలిలో చిన్న మంచు పలుకులు, మెత్తని మంచు గుండ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. తేలికైనవి ధన విద్యుత్తుతో పైకి, బరువైనవి రుణ విద్యుత్తుతో కిందికి చేరతాయి. తేడా పెరిగిపోతే గాలి తట్టుకోలేక దారి ఇస్తుంది. ఆ దారి నేలదాకా వస్తే పిడుగు. అందులో గాలి దాదాపు 30,000 డిగ్రీలు కాగి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, ఉరుము అదే. పిడుగు రెపరెపలాడినట్టు కనిపిస్తే మీ కళ్ల తప్పు కాదు, ఒకే దారిలో తరచుగా మూడు నాలుగు సార్లు కరెంటు పారుతుంది. "ఫట్" మంటే దగ్గర. గడగడమని దొర్లితే, కిలోమీటర్ల పొడవున్న ఆ దారిలో దగ్గరి కొస శబ్దం ముందు, దూరపు కొసది వెనక చేరుతోందని.

ఇంట్లో పాత రేడియో ఉంటే బ్యాటరీతో పెట్టి, మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట ఉంచండి. మెరిసిన ప్రతిసారీ చిటపటమంటుంది. ఉరుము వినపడనంత దూరపు మెరుపులూ అందులో పట్టుబడతాయి. ఫోనులో అయితే పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన, చుట్టుపక్కల మెరుపులను చూపించే దామిని యాప్ ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పది పేర్లు మూడుసార్లు పలికేలోపు ఉరుము వినపడితే, అంటే పది కిలోమీటర్ల లోపు, బయట పని ఆపాలి. వాన పడే చోటికి అంత దూరంలోనూ పిడుగు పడగలదు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. యాసంగి వడ్లు కల్లంలో ఉంటే పరదాలు కప్పడానికి ఉరుకుతాం కదా, ఆ ఉరుకు తొలి గాలిదుమారానికే ఉరకాలి. బోరు మోటారు స్టార్టర్ దగ్గరికి, చింతచెట్టు కిందికి పోనేపోవద్దు. చెట్టు మీద పడ్డ కరెంటు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేలలోనూ పాకుతుంది. మేకలు, బర్రెలు చెట్టు కింద గుంపుగా చనిపోయేది అందుకే: ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య వోల్టేజీ తేడా వచ్చి కరెంటు గుండె మీదుగా పోతుంది.

ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోవడానికి భయపడకండి, వాళ్ల ఒంట్లో కరెంటు మిగలదు. ఊపిరి, నాడి లేకపోతే 108కి ఫోను చేయించి, వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండండి.