పీజీ మెడికల్ రిజర్వేషన్ సీట్ల మీద కేసు వేయాలంటే

కౌన్సెలింగ్ మొదలైందంటే నా ఫోన్‌కు తీరిక ఉండదు. చేసేవాళ్లలో ఎక్కువమంది డాక్టర్లు కాదు, వాళ్ల నాన్నలు. "మేడమ్, ఆ జీవో కొట్టేయించాలి" అనేది వాళ్ల మొదటి మాట. నేను మాత్రం "తర్వాతి రౌండ్ వెబ్ ఆప్షన్లకు చివరి తేదీ ఎప్పుడండీ?" అని అడుగుతాను. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. ఉమ్మడి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టి, 2019లో ఏపీ హైకోర్టు విడిపోయాక అమరావతికి వచ్చినదాన్ని. రెండు చోట్లా చూసింది ఒకటే. మెడికల్ అడ్మిషన్ కేసుల్లో న్యాయం ఎవరి వైపుందో తేలేలోపు క్యాలెండర్ అయిపోతుంది. కాబట్టి కింద రాసినదంతా తేదీని దృష్టిలో పెట్టుకుని చదవండి.

ముందు మీ గొడవ దేని మీదో తేల్చుకోండి. రిజర్వేషన్ నిబంధనే రాజ్యాంగ విరుద్ధం అంటున్నారా? నిబంధన సరైనదే కానీ సీట్లు నింపిన తీరు తప్పు అంటున్నారా? లేక మీ సర్టిఫికెట్ తిరస్కరించారనా? ఈ మూడూ మూడు రకాల కేసులు. మొదటిది పేపర్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది, ఏళ్ల తరబడి నడుస్తుంది, గెలిచినా ఆ ఏడాది మీకు సీటు రాకపోవచ్చు. మిగతా రెండూ ఎవరికీ పట్టవు. సీట్లు తెచ్చిపెట్టేవి ఎక్కువగా అవే.

మొదటి రకం ఎందుకు కష్టమో చెబుతాను. 2021 జూలై 29న ఆల్ ఇండియా కోటాలో (రాష్ట్రాల కాలేజీల సీట్లలో దేశమంతటి అభ్యర్థులతో కేంద్రం నింపే వాటాలో) ఓబీసీలకు 27 శాతం, ఏ రిజర్వేషనూ లేని పేదలైన ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం ఇస్తూ కేంద్రం నోటీసు ఇచ్చింది. దాన్ని సవాలు చేస్తూ కేసులు పడ్డాయి. సెప్టెంబర్‌లో నీట్ పీజీ జరిగింది, కౌన్సెలింగ్ ఆగింది, డిసెంబర్‌లో ఢిల్లీ రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కారు. చివరికి 2022 జనవరి 7న సుప్రీంకోర్టు ఓబీసీ రిజర్వేషన్‌ను సమర్థించింది. ఈడబ్ల్యూఎస్‌కు ఎనిమిది లక్షల ఆదాయ పరిమితి మీద విచారణ తర్వాత చేస్తాం, ఈ ఏడాదికి పాత పద్ధతిలోనే కానివ్వండి అంది. ఇదే నీల్ ఆరేలియో నూనెస్ కేసు. అప్పటి నుంచి కౌన్సెలింగ్ మొత్తం ఆపేయమని అడిగే పిటిషన్ చూస్తే బెంచ్ ముఖం మారిపోతుంది. ఆసుపత్రుల్లో జూనియర్లు లేక ఎంత ఇబ్బంది పడ్డారో వాళ్లకు గుర్తుంది.

ఇక స్థానికత. మన రెండు రాష్ట్రాల వాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. 2025 జనవరి 29న తన్వీ బెహల్ కేసులో సుప్రీంకోర్టు, పీజీ మెడికల్ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ ఇవ్వడం 14వ అధికరణానికి విరుద్ధం అని తేల్చింది. అది చండీగఢ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలోని 64 రాష్ట్ర కోటా సీట్ల గొడవ. అందులో 32 సీట్లు ఆ కాలేజీలోనే చదివిన వాళ్లకు, 32 చండీగఢ్ నివాసులకు కేటాయించారు. కోర్టు రెండో 32ను కొట్టేసింది, మొదటి 32 జోలికి వెళ్లలేదు. చదివిన సంస్థకు ఇచ్చే ప్రాధాన్యం 1984 నాటి ప్రదీప్ జైన్ తీర్పు నుంచీ, 2003లో సౌరభ్ చౌదరి కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసిన దగ్గర నుంచీ, పీజీలో 50 శాతం వరకు చెల్లుతోంది. అప్పటికే చేరి చదువుతున్న వాళ్లను కూడా కోర్టు కదపలేదు.

ఆ తీర్పు కాపీ పట్టుకుని "ఇక మనకూ లోకల్ కోటా లేనట్టే కదా" అని వచ్చేవాళ్లు ఉన్నారు. అంత తేలిక కాదు. చదువు, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయనిచ్చే 371డి అధికరణం చండీగఢ్‌కు లేదు. మనకు ఉంది. దాని కింద వచ్చిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వులే 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకని చెబుతాయి. 2015లో డీఎం, ఎంసీహెచ్ (పీజీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ) సీట్ల మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు లోకల్ నిబంధనలను సవాలు చేసినప్పుడు సుప్రీంకోర్టు మన రెండు రాష్ట్రాల విషయంలో ఆగిపోయింది 371డి దగ్గరే. మీ పిటిషన్‌లో 371డికి జవాబు లేకపోతే మొదటి రోజే ప్రభుత్వ ప్లీడరు (జీపీ) లేచి ఆ ఒక్క మాట చెప్పి కూర్చుంటాడు.

దీనికి ఇంకో కోణం ఉంది. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం లోకల్ అంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదవడం. పీజీకి అర్హత పరీక్ష ఎంబీబీఎస్. పుట్టింది వరంగల్, పెరిగింది వరంగల్, ఎంబీబీఎస్ మాత్రం కర్ణాటకలో అనుకోండి, పీజీకొచ్చేసరికి నాన్‌లోకల్. ఇలాంటి తెలంగాణ వాళ్లకు 2024 డిసెంబర్ 17న ఆ రాష్ట్ర హైకోర్టు అనుకూలంగా తీర్పిచ్చింది. అయితే హైకోర్టు తీర్పు చేతిలో ఉందని ధీమా పడొద్దు. ఎంబీబీఎస్ స్థానికత మీద 2024 సెప్టెంబర్‌లో అదే హైకోర్టు ఇచ్చిన ఊరట 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టులో నిలవలేదు, ప్రభుత్వం పెట్టిన నాలుగేళ్ల నిబంధనే నెగ్గింది. మీరు ఆధారపడే తీర్పు మీద అప్పీలు ఉందా, స్టే ఉందా అన్నది ఫైల్ చేసే ముందు రోజు రాత్రి కూడా చూడండి.

రెండో రకం, అంటే సీట్లు నింపిన తీరు. నాకిష్టమైనవి ఇవే, ఎందుకంటే ఇక్కడ వాదన అంతా లెక్క. ఓపెన్ కేటగిరీలో సీటు తెచ్చుకునే ర్యాంకు ఉన్న బీసీ డాక్టర్ మంచి కాలేజీ కోసం బీసీ సీటు తీసుకుంటే, ఆమెను ఎవరి ఖాతాలో లెక్కేయాలి? ఓపెన్ ఖాతాలోనే అని 1996లో రితేష్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఆమె వదిలిన ఓపెన్ సీటు ఎవరికి? ఆమె కేటగిరీ వాళ్లకే, అంటే బీసీలకే, అంటుంది మన 2001 నాటి జీవో 550. సీటు వచ్చినవాళ్లు మెరుగైన సీటుకు మారే స్లైడింగ్ రౌండ్లలో ఈ లెక్క తప్పితే కింద వరుసలో ఉన్నవాళ్లంతా ఒక్కో మెట్టు జారిపోతారు. మహిళా కోటా, దివ్యాంగుల కోటా అడ్డంగా నడిచేవి, ప్రతి కేటగిరీ లోపలే సర్దాలి. వాటిని విడి కేటగిరీలాగా పైన ఒక గంప పెట్టి నింపితే కేసు మీదే. ఓపెన్ మహిళ అని రాసిన సీటు ఓసీ మహిళలకే అనుకోవడం కూడా తప్పేనని 2020 డిసెంబర్‌లో యూపీ పోలీసు నియామకాల కేసు తేల్చేసింది.

ఈ కేసుకు కావలసింది ఆవేశం కాదు, స్క్రీన్‌షాట్లు. సీట్ మ్యాట్రిక్స్, అంటే ఏ కాలేజీలో ఏ కేటగిరీకి ఎన్ని సీట్లో చూపే పట్టిక, రౌండ్ రౌండ్‌కు మారుతుంది, పాతది సైట్‌లో ఉంటుందన్న భరోసా లేదు. ప్రతి రౌండ్‌కు ముందూ తర్వాతా మ్యాట్రిక్స్, మెరిట్ లిస్ట్, కాలేజీవారీ అలాట్‌మెంట్ జాబితా తేదీ కనిపించేలా దాచుకోండి. ఎక్సెల్‌లో పెట్టి ఏ సీటు ఎవరు వదిలారో, అందులోకి ఎవరు వచ్చారో ఒక పేజీలో చూపించండి. బెంచ్‌కు మీ కథ వినే టైమ్ ఉండదు, ఆ ఒక్క పేజీ మాత్రం చూస్తారు. సమాచార హక్కు దరఖాస్తు మంచిదే కానీ జవాబుకు 30 రోజుల గడువు, ఈలోగా చివరిదైన స్ట్రే రౌండ్ కూడా అయిపోతుంది.

సర్టిఫికెట్ల గొడవ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తహసీల్దార్ ఇచ్చినది, స్టడీ సర్టిఫికెట్లు, తిరస్కరించిన మెయిల్, అన్నీ ఒక ఫైల్లో ఉంచండి. దివ్యాంగుల విషయంలో మాత్రం ఒక మాట. శాతం ఎక్కువుందన్న ఒక్క కారణంతో ఎంబీబీఎస్ సీటు కాదనకూడదు, చదువు సాగించగలరా అన్నది వైకల్యాన్ని పరీక్షించే బోర్డు రాతపూర్వకంగా చెప్పాలి అని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో ఓంకార్ కేసులో అంది. పీజీ వాళ్లు కూడా బోర్డు రిపోర్టులో కారణం రాసి ఉందో లేదో ముందు చూసుకోవాలి. సర్వీస్ కోటా వాళ్లకు, అంటే ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ పీజీకి వచ్చే డాక్టర్లకు, 2020 ఆగస్టు 31 నాటి తమిళనాడు మెడికల్ ఆఫీసర్ల కేసు ఆధారం. ఆ కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని ఐదుగురు జడ్జీలు చెప్పారు. ఎంత శాతం అన్నది మాత్రం ప్రభుత్వ నిర్ణయం, తగ్గించారని కోర్టుకెళ్తే ఫలితం అంతంతమాత్రం.

కేసుకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. యూనివర్సిటీ ప్రొవిజనల్ మెరిట్ లిస్ట్ పెట్టి అభ్యంతరాలు అడుగుతుంది. విజయవాడలో ఎన్టీఆర్ అయినా, వరంగల్‌లో కాళోజీ అయినా అంతే. ఆ గడువులోపే రిజిస్ట్రార్‌కు మెయిల్ పెట్టండి. ఏ నిబంధన, ఏ సీటు, మీ ర్యాంకు ఎంత, ఏం కావాలి అని ఒక పేజీలో రాయండి. అన్ని రౌండ్లలో నోరెత్తకుండా పాల్గొని సీటు రాకపోయాక వస్తే, "అప్పుడెందుకు అడగలేదు?" అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. ఆ మెయిలే దానికి జవాబు. దాంతోపాటు, వచ్చిన సీటును కోపంతో వదిలేయకండి. అభ్యంతరం రాతలో పెట్టి చేరండి, చేరేముందు డిస్‌కంటిన్యూ బాండ్ (మధ్యలో మానేస్తే కట్టాల్సిన డబ్బు), డిబార్ (తర్వాతి కౌన్సెలింగ్‌కు రానివ్వకపోవడం) నిబంధనలు చదవండి.

రాష్ట్ర కోటా అయితే 226వ అధికరణం కింద మీ హైకోర్టులో రిట్. ఆల్ ఇండియా కోటాలో దేశమంతటికీ సంబంధించిన ప్రశ్న అయితే 32 కింద సుప్రీంకోర్టు, కానీ చాలాసార్లు "హైకోర్టుకు వెళ్లండి" అని పంపేస్తారు. ప్రతివాదులుగా వైద్య ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శి, యూనివర్సిటీ, నేషనల్ మెడికల్ కమిషన్, కాలేజీ, అవసరమైతే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ ఉండాలి. మీరడిగే సీటులో ఇప్పుడు కూర్చున్న డాక్టర్‌ను కూడా చేర్చాలి. పాపం తోటి డాక్టరే కదా అని వదిలేస్తారు చాలామంది. వినకుండా ఆ సీటు తీసి మీకివ్వడం కుదరదు కాబట్టి, చేర్చకపోతే పిటిషన్ అక్కడే కుంటుపడుతుంది.

మధ్యంతర ఉత్తర్వుల్లో ఎంత తక్కువ అడిగితే అంత మంచిది. "కౌన్సెలింగ్ ఆపండి" అనకండి. "ఫలానా కాలేజీలో ఎండీ జనరల్ మెడిసిన్ సీటు ఒకటి నింపకుండా ఉంచండి" అనండి, లేదా "ఆప్షన్లు పెట్టుకోనివ్వండి, అలాట్‌మెంట్ తుది తీర్పుకు లోబడి ఉంటుంది" అనండి. రేపు సాయంత్రం గడువైతే లంచ్ మోషన్ (అదే రోజు వినమని అడిగే అత్యవసర అభ్యర్థన) వేయాలి, సెలవుల్లో అయితే హౌస్ మోషన్ (జడ్జి గారి ఇంటి దగ్గరే వినమని అడిగేది). ఆ అత్యవసరం అఫిడవిట్‌లో తేదీలతో కనిపించాలి. నెల రోజులు ఇంట్లో కూర్చుని లంచ్ మోషన్ అడిగితే జడ్జి గారు ఆ నెల గురించే అడుగుతారు.

గడువు దాటాక ఏమీ ఉండదా? కొంచెం ఉంటుంది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఎంబీబీఎస్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు దారి వేసింది. అభ్యర్థి తప్పు ఏమీ లేక, ఆలస్యం చేయకుండా కోర్టుకొచ్చి ఉంటే, అరుదైన సందర్భాల్లో గడువు దాటిన నెలలోపు సీటు, కుదరకపోతే మరుసటి ఏడాది సీటు, పరిహారం కూడా ఇవ్వొచ్చు. మరుసటి ఏడాది తెలంగాణలో ఎంఎస్ జనరల్ సర్జరీ సీటు అలాటైనా కాలేజీ చేర్చుకోని డాక్టర్‌కు అదే దారిలో వచ్చే ఏడాది మేనేజ్‌మెంట్ కోటా సీటు, పది లక్షల పరిహారం దక్కాయి. ఆమె వెంటనే హైకోర్టుకు వచ్చింది కాబట్టి. ఖాళీ సీట్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 2021 నీట్ పీజీలో 1,456 సీట్లు మిగిలితే ఇంకో రౌండ్ పెట్టమన్న పిటిషన్‌ను 2022 జూన్‌లో కొట్టేశారు.

ఉత్తర్వు వచ్చిన రోజు పని ఎక్కువ. ఆన్‌లైన్‌లో కాపీ రాగానే రిజిస్ట్రార్‌కు, కాలేజీ ప్రిన్సిపల్‌కు మెయిల్ చేయండి, యూనివర్సిటీ స్టాండింగ్ కౌన్సెల్‌కు (దాని తరఫు లాయరుకు) కూడా పంపించండి, ఆ సాయంత్రమే ఒకరిని కాగితంతో ఆఫీసుకు పంపి ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. మర్నాడు చూద్దాం అనుకుంటే రాత్రికి ఆ సీటు ఇంకొకరికి అలాటైపోవచ్చు. ఆ తర్వాత పని కేవియట్. ప్రభుత్వమో, సీటు పోయిన అభ్యర్థో సుప్రీంకోర్టుకు వెళ్లే అవకాశం ఉంటే, మీ మాట వినకుండా స్టే రాకుండా ముందే వేసి పెట్టాలి. అది 90 రోజులు పనిచేస్తుంది, గడువు అయ్యేలోపు మళ్లీ వేయించుకోండి.