హైడ్రెంట్ పాఠాలు – 4: తెరవడం, మూయడం

గత పాఠంలో హైడ్రెంట్ (మంటలార్పడానికి నీళ్లు ఇచ్చే వీధి కుళాయి) లోపలి భాగాలు చూశాం. ఇవాళ కీ (హైడ్రెంట్ పైనున్న నట్టును తిప్పి వాల్వ్ తెరిచే పనిముట్టు) చేత్తో పట్టుకుందాం. అగ్నిమాపక శాఖ, నీటి సరఫరా విభాగాల్లో పనిచేసేవాళ్లకే ఈ పని. మిగతావాళ్లు చదవచ్చు గానీ, వీధిలో దాని జోలికి వెళ్లకూడదు.

ఈ పాఠం డ్రై బ్యారెల్ రకం గురించి. నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండే నగరాల్లో వాడేది ఇదే. అసలు వాల్వ్ చలి దిగని లోతులో ఉంటుంది. పైన కనిపించే బ్యారెల్, అంటే నిలువు గొట్టం, మామూలప్పుడు ఖాళీ. వాల్వ్ మూయగానే అడుగున ఒక డ్రెయిన్ రంధ్రం తెరుచుకుని, మిగిలిన నీళ్లు మట్టిలోకి ఇంకిపోతాయి. వాల్వ్ పూర్తిగా తెరిస్తే ఆ రంధ్రం మూసుకుంటుంది.

ఇది బుర్రకెక్కితే సగం నియమాలు చెప్పక్కర్లేదు. కొంచెం నీళ్లే కావాలి కదా అని వాల్వ్‌ను సగం తిప్పి వదిలేస్తే, డ్రెయిన్ కూడా సగం తెరిచే ఉంటుంది. మెయిన్ లైన్ ప్రెజర్‌తో నీళ్లు అందులోంచి చిమ్మి చుట్టూ మట్టిని కోసేస్తాయి. పైకి ఏమీ తెలియదు. అందుకే తెరిస్తే పూర్తిగా తెరవాలి, మూస్తే పూర్తిగా మూయాలి. ధార తగ్గించాలంటే హైడ్రెంట్ నోటికి విడిగా గేట్ వాల్వ్ బిగించుకోండి.

మూత విప్పేటప్పుడు ఎదురుగా నిలబడవద్దు, పక్కకు జరగండి. మిగతా మూతలు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకోండి. గొట్టం తగిలించే ముందు కాసేపు నీళ్లు వదలండి. లోపల చేరిన తుప్పు, రాళ్లు పోతాయి. పైప్ రెంచ్ మాత్రం వాడకండి. నట్టు మూలలు అరిగిపోతే, మంటల వేళ కీ జారిపోతుంది. ఏ వైపు తిప్పాలో పైన బాణం గుర్తు ఉంటుంది, ఊహతో తిప్పొద్దు.

మూసేటప్పుడు ఇంకా నిదానం. సెకనుకు 1 మీటరు వేగంతో పారే నీళ్లు ఇనుప పైపులో ఒక్కసారిగా ఆగితే, ఉన్న ప్రెజర్‌పై మరో 10 బార్‌కు పైగా దెబ్బ పడుతుంది. ఎక్కడో పాత జాయింట్ పగులుతుంది. పగిలింది మీ వల్లేనని మీకు తెలియను కూడా తెలియదు.

నాకు బాగా నచ్చే పరీక్ష ఒకటుంది. వాల్వ్ మూశాక, మూతలు పెట్టకముందే, తెరిచి ఉన్న నోటికి అరచెయ్యి అడ్డం పెట్టండి. మిగతా నోళ్లు మూసే ఉండాలి. నీళ్లు కిందికి దిగుతుంటే చెయ్యి లోపలికి లాగినట్టు అనిపిస్తుంది. అలా లాగితే డ్రెయిన్ పనిచేస్తున్నట్టే. లాగకపోతే అది పూడిపోయి ఉండవచ్చు. మూతలన్నీ బిగించి వాల్వ్‌ను కొన్ని చుట్లు తెరిస్తే, ఆ ప్రెజర్‌కు చెత్త కొట్టుకుపోవచ్చు. కాసేపే తెరవాలి, తర్వాత పూర్తిగా మూసి మళ్లీ చెయ్యి పెట్టి చూడండి. భూగర్భ నీటిమట్టం ఎక్కువగా ఉన్నచోట డ్రెయిన్‌ను కావాలనే మూసేస్తారు. అక్కడ వాడిన ప్రతిసారీ నీళ్లు పంపుతో తోడేయాల్సిందే.

మూత లోపలి వాషర్ చీలిందేమో చూసి, మరలకు గ్రీజు రాసి, ఎన్ని చుట్లకు పూర్తిగా తెరుచుకుందో రిజిస్టర్‌లో రాయండి. ఈసారి రెండు చుట్లు తక్కువ వస్తే, లోపల ఏదో అడ్డుపడిందని అనుమానించాలి.

5వ పాఠంలో పిటో గేజ్‌తో (ధార ప్రెజర్ చూపే పరికరం) నీటి ధారను కొలుద్దాం.