నోటి మీద వేలు తీసేశాక ఏం చేయాలి?

"చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో" అంటే ఒకటో తరగతి మొత్తం గప్‌చుప్. మీరు హెచ్‌ఎం గదిలో సంతకం పెట్టి వచ్చేలోపు అదే గది సోమవారం సంత. అదుపు మీ దగ్గరుంది, వాళ్ళ దగ్గర లేదు మరి. తనను తాను ఆపుకునే పని చూసే మెదడు భాగం నుదుటి వెనక ఉంటుంది, అది పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ళు పడుతుంది, కాబట్టి ఆరేళ్ళ పిల్లోణ్ణి "బుద్ధిగా ఉండరా" అని వదిలేస్తే లాభం లేదు, సాధన చేయించాలి.

ఆటతో మొదలుపెట్టండి. "తల" అంటే కాళ్ళు ముట్టుకోవాలి, "కాళ్ళు" అంటే తల. అమెరికాలో పరిశోధకులు చిన్నపిల్లల స్వీయ నియంత్రణ కొలవడానికి వాడే పరీక్షే ఇది, మనకి పైసా ఖర్చు లేదు. మొదట్లో సగం మంది చెయ్యి నేరుగా తల మీదికే పోతుంది. ఎవరి చెయ్యి దార్లో టక్కున ఆగి కిందికి తిరుగుతుందో వాళ్ళని చూడండి, "అబ్బో, ఆపుకున్నావే!" అని అప్పుడే అనండి. గెలిచినోళ్ళకి చప్పట్లు తర్వాత. అందరికీ అలవాటయ్యాక రూల్ మార్చేయండి, లేకపోతే అది కంఠతా పట్టిన పాఠమే అవుతుంది.

లెక్క చేస్తూ తనలో తాను గొణుక్కునే పిల్లని గద్దించొద్దు. పిల్లలు తమ పనిని నడుపుకునేది ఆ మాటలతోనే అని రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1930ల్లోనే చెప్పాడు. మీరూ బోర్డు దగ్గర పైకే అనుకోండి: "తప్పొచ్చింది, చిరాగ్గా ఉంది, ఒకసారి ఊపిరి పీల్చుకుని మళ్ళీ చూస్తా."

అన్నిటికన్నా ముఖ్యం మాట నిలబెట్టుకోవడం. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ఒక ప్రయోగం 2013లో అచ్చయింది. బొమ్మలు వేసుకోడానికి మంచి సామాను తెస్తానని చెప్పి తెచ్చిన మనిషి దగ్గర పిల్లలు, ఆగితే ఇంకోటి ఇస్తానన్న మిఠాయి తినకుండా సగటున 12 నిమిషాలు ఆగారు, చెప్పి తేనివాళ్ళ దగ్గర 3 నిమిషాలే. మనమేమో "చివరి పీరియడ్ ఆట" అంటాం, ఆ టైముకి యాప్‌లో ఫోటోలు ఎక్కించమని ఫోన్ వస్తుంది. కుదరదనుకుంటే ముందే మాటివ్వకండి.

మధ్యాహ్నం భోజనం వరసలో తోపులాట ఎందుకంటే చివర్లో ఉన్నోడికి గుడ్డు అందుతుందో లేదోనని టెన్షన్. రోజు మార్చి రోజు వరసని వెనక నుంచి మొదలుపెట్టండి, నిలబడ్డంతసేపూ "కాళ్ళా గజ్జా కంకాళమ్మా" పాడించండి. ఊరికే నిలబడమంటే పెద్దోళ్ళమే రేషన్ షాపు దగ్గర నిలబడలేం.

"టీచర్, ఈడు నన్ను కొట్టినాడు!" అని ఏడుస్తూ వస్తే విచారణ అప్పుడే వద్దు. కింద కూర్చుని, గొంతు తగ్గించి, "రా నాయనా, కాసిని నీళ్ళు తాగు" అనండి. ఎవరిది తప్పో ఊపిరి కుదుటపడ్డాక తేల్చొచ్చు. కనిగిరి, పామూరు వైపు అమ్మానాన్న బెంగళూరు, హైదరాబాద్ పనులకి పోయి అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలుంటారు. పండక్కి వచ్చినోళ్ళు తిరిగి వెళ్ళిన వారం వాళ్ళు చిన్నదానికే భగ్గుమంటారు, ఆ వారం వాళ్ళని మీ కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకోండి, ఏదో ఒక పని చేతికివ్వండి.

ఇన్ని చేసినా కొన్ని నెలల తర్వాత కూడా ఒకరిద్దరిలో మార్పు లేకపోతే ముందు పొద్దున ఏం తిన్నారో, రాత్రి ఎన్నింటికి పడుకున్నారో అడగండి, తర్వాత చూపు, వినికిడి పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి.