కుతుబ్‌షాహీల వారసత్వపోరు: పటం గీసుకుని చదివే పద్ధతి

విశాఖలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల నోట్సుల్లో నేను చూసినంతవరకు కుతుబ్‌షాహీ వంశవృక్షం ఒక నిలువు గీత మాత్రమే. పెద్దకొడుకే రాజు కావాలన్న కట్టుబాటు గోల్కొండలో స్థిరపడలేదు కనుక, ఆ గీతలో పేర్లు మిగులుతాయి గాని పోరు కనిపించదు. అందుచేత చార్టు కాగితాన్ని అడ్డంగా పెట్టి, సుల్తాను పేరుతో కాక, ఒక సుల్తాను మరణించిన సంవత్సరంతో మొదలుపెట్టండి. ఆనాటికి బతికి ఉన్న హక్కుదారులందరినీ ఒకే వరుసలో రాసి, ఎవరి వెనుక ఎవరున్నారో ఎర్రసిరాతో కలపండి.

మొదట 1543 వేయండి. నమాజులో ఉన్న ముసలి సుల్తాన్ కులీ, కొడుకు జంషీద్ ప్రోద్బలంతో హతుడయ్యాడు. యువరాజు కుతుబుద్దీన్ కళ్లు పొడిపించారు. చిన్నవాడైన ఇబ్రహీం బీదరు మీదుగా పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. (ఇది హంపీ విజయనగరం; మన పక్కనున్నది కాదు. ఈ పొరపాటు మనవైపే ఎక్కువ.)

తరువాతి వరుస 1550. జంషీద్ పోగానే అతని పసికొడుకు సుభాన్‌ను గద్దెమీద కూర్చోబెట్టి సైఫ్ ఖాన్ అనే సర్దారు పెత్తనం చేపట్టాడు. కొలువులోని సర్దారు జగదేవరావు ముందు జంషీద్ సోదరుడు దౌలత్ కులీని నిలబెట్టబోయి ఖైదయ్యాడు. చివరకు కోటను కాచే తెలుగు నాయకవాడీలు ఇబ్రహీం పక్షం వహించడంతో గద్దె అతనికి దక్కింది. ఎర్రగీతలు ఇక్కడే చిక్కగా పడాలి. కొన్ని పుస్తకాలు ఏడుగురు సుల్తానులనీ, కొన్ని ఎనిమిదిమందనీ రాయడానికి కారణం ఈ సుభాన్‌ను లెక్కలో చేర్చడం, చేర్చకపోవడమే.

1580లో ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ రాకను ఒక్క గీతతో సరిపెట్టవచ్చు.

1612 నుంచి మాత్రం ఆడవారిని వేయకపోతే పటం తెగిపోతుంది. మహమ్మద్ కులీకి కొడుకులు లేనందున, తమ్ముడి కొడుకూ, కూతురు హయాత్ బక్షీ బేగం భర్తా అయిన మహమ్మద్‌కు, 1626లో ఆమె కొడుకు అబ్దుల్లాకు రాజ్యం వచ్చింది. (శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది, చూసినవారు అబ్దుల్లా కాలాన్ని దానితో గుర్తుంచుకోవచ్చు.)

అబ్దుల్లాకూ కొడుకులు లేరు. 1672 వరుసలో ముగ్గురు అల్లుళ్లను రాయండి. ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్ అప్పటికే ఔరంగజేబు సోదరుడు షుజా పక్షం చేరి తండ్రి చేత చెరసాల పాలయ్యాడు కనుక, అతని పేరును పెన్సిలుతో కొట్టివేయండి. మిగిలిన ఇద్దరిలో సయ్యద్ అహ్మద్‌ను కాదని, సర్దారు సయ్యద్ ముజఫ్ఫర్ అండతో అబుల్ హసన్ తానీషా గెలిచాడు. ముజఫ్ఫర్ పక్కనే అతని కొలువులో ఉన్న మాదన్న పేరును చిన్న అక్షరాలతో రాసి, కొంత ఖాళీ వదలండి. కొద్దికాలానికే ముజఫ్ఫర్‌ను తప్పించి అతని ప్రధానమంత్రి (మీర్ జుమ్లా) పదవిలో కూర్చున్నది మాదన్నే.