టమోటా ఆకుమచ్చలు – 3వ పాఠం: మందు కొనేముందు ఆకు తిప్పి చూడండి

పోయిన పాఠంలో ఒక పని చెప్పినా, గుర్తుందా? చేన్లో ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా నడుస్తా 20 చెట్ల దగ్గర ఆగి, ఒక్కో చెట్టుకూ కింద నుంచి ఎన్నో ఆకు దాకా మచ్చ ఎక్కిందో నోటుబుక్కులో రాసుకోమన్నా. రాసుకున్నోళ్లకు ఈ పాఠం సులువు, రాయనోళ్లు ఇప్పుడైనా పోయి నాలుగైదు చెట్ల నుంచి మచ్చలున్న ఆకులు కాడతో సహా తెంచుకొచ్చి ముందర పెట్టుకోండి, ఎందుకంటే ఆకు చేతిలో లేకుండా ఇది చదివితే వంట వీడియో చూసి కడుపు నిండిందనుకున్నట్టే ఉంటుంది.

ముందు నా సంగతి ఒకటి చెప్తా. కొన్నేళ్ల కింద వానాకాలం పంటలో కింది ఆకులంతా చిన్న చిన్న నల్ల చుక్కలు పడినాయి, రెండాకులు జేబులో వేసుకొని అంగడికి పోతే ఆయన జేబులో నుంచి సగం బయటికి తీయకముందే ‘మచ్చ తెగులు అన్నా, ఇది కొట్టు’ అని కార్బెండజిమ్ ఇచ్చినాడు, నేనూ ఇంటికొచ్చి కొట్టినా, వారానికి తగ్గలేదని మళ్లీ కొట్టినా, మూడోసారి ఇంకా ఖరీదైంది తెచ్చి కొట్టినా. మచ్చ కాయ మీదికి ఎక్కి గజ్జి పట్టినట్టు గరుకుగా అయినాక తెలిసింది, అది బ్యాక్టీరియా మచ్చ అని. బూజు జాతి తెగుళ్లకు కొట్టే మందు బ్యాక్టీరియాను ఏం చేస్తుంది? మందు డబ్బులు పోయినాయి, దానికంటే ముఖ్యం మూడు వారాలు పోయినాయి. అంగడాయన తప్పు కంటే నా తప్పే ఎక్కువ అనుకుంటా ఇప్పుడు, నేను ఆకును ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు గదా.

సరే, చేతిలో ఆకు తీసుకోండి. పెద్ద మచ్చ ఒకటి వెతకండి, పావలా బిళ్ల అంత ఉన్నా సరే, అర అంగుళం ఉన్నా సరే. వెలుతురుకు పట్టి చూస్తే మచ్చ లోపల గుండ్రంగా ఒకదాన్లో ఒకటి వలయాలు కనబడతాయా? చెట్టు కొట్టేసిన మొద్దు మీద కనబడే గీతల మాదిరి. కనబడితే అది ఎర్లీ బ్లైట్, మన పుస్తకాల్లో ఆకుమాడు తెగులు అని రాస్తారు, ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం చేసే పని. మచ్చ చుట్టూ ఆకు పసుపు తిరిగి ఉంటుంది. పేరులో ‘ఎర్లీ’ ఉందని పంట మొదట్లోనే వస్తుందనుకోవద్దు, ఆ పేరు చాలామందిని దారి తప్పిస్తుంది. నారుమడిలో కూడా వచ్చి మొదలు దగ్గర కాండాన్ని నల్లగా చుట్టేసి మొక్కను పడేస్తుంది గానీ, చేన్లో ఇది ఎక్కువగా విజృంభించేది కాయ పట్టినాకనే. ఎందుకంటే అప్పుడు చెట్టు సత్తువంతా కాయలకు పోతుంది, కింద ముదురాకులు నీరసపడతాయి, ఈ శిలీంధ్రానికి అట్లాంటి నీరసపడిన ఆకులంటేనే ఇష్టం. అందుకే ఒకే ఊర్లో ఒకే రకం వేసినా, నత్రజని చాలక పాలిపోయిన తోటలో ఇది ముందు కనబడుతుంది, కాస్త బలంగా ఉన్న తోటలో ఆలస్యంగా వస్తుంది. అట్లని యూరియా గుమ్మరించమని కాదు, ఆకు మరీ గుబురైతే ఇంకో తలనొప్పి, అది కింద చెప్తా.

ఎర్లీ బ్లైట్ కింది నుంచి పైకి మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. పోయిన పాఠంలో కింద నుంచి లెక్కపెట్టమన్నది దీనికోసమే. పోయినేటి పంట ఆకు, కాండం ముక్కలు నేలలో ఉంటాయి గదా, బూజు వాటిలోనే బతికి ఉంటుంది, వానచినుకు నేలను కొట్టినప్పుడు మట్టితో పాటు ఎగిరి కింది ఆకు మీద పడుతుంది, గాలికి కూడా పోతుంది. పగలు 24 నుంచి 29 డిగ్రీల వేడి, రాత్రి మంచు, ఇంతే దానికి కావాల్సింది, పెద్ద వాన కూడా అక్కర్లేదు. ఆకు రాలిపోయినాక ఇంకో నష్టం ఉంది, కాయలకు నీడ లేక ఎండదెబ్బ తగిలి ఒక పక్క తెల్లగా బొబ్బ మాదిరి అవుతుంది, మార్కెట్‌లో ఆ కాయను పక్కకు తీసేస్తారు. తొడిమ దగ్గర నల్లగా తోలు మాదిరి గుంట పడిన కాయ, దాన్లో కూడా వలయాలు ఉంటే అదీ ఇదే.

వలయాలు కనబడలేదు, మచ్చలేమో చిన్నవి, 2–3 మిల్లీమీటర్లే, కానీ ఒక్క ఆకు మీద లెక్కలేనన్ని ఉన్నాయా? నడుమ బూడిద రంగు, అంచు ముదురు గోధుమ రంగు. ఇప్పుడు భూతద్దం కావాలి, పిల్లలు స్కూలుకు తీసుకుపోయేదైనా సరే, లేదంటే ఫోన్ కెమెరా జూమ్ చేసి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. బూడిద రంగు నడుమలో మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు ఉంటే అది సెప్టోరియా ఆకుమచ్చ. ఆ నల్ల చుక్కలు దాని విత్తనాల సంచులు అనుకోండి, తడి తగిలితే పగిలి బయటికొస్తాయి, వాన చినుకులకు, స్ప్రింక్లర్ నీళ్లకు, తడి ఆకుల్లో తిరిగే మన చొక్కాలకు అంటుకొని పక్క చెట్టుకు పోతాయి. ఇది కాయ జోలికి దాదాపు రాదు, ఆకులే రాల్చేస్తుంది. మన వైపు దీన్ని పట్టించుకునేటోళ్లు తక్కువ, అన్నీ ఎర్లీ బ్లైట్ లెక్కలో వేసేస్తారు. మందుల విషయంలో తేడా ఎంత ఉందో చూడండి, కార్బెండజిమ్ సెప్టోరియా మీద పనిచేస్తుంది, ఆల్టర్నేరియా మీద పనిచేయదు. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి మన దగ్గర బాగా అమ్ముడుపోతుంది గదా, ఎర్లీ బ్లైట్‌కు అది కొడితే పనిచేసేది దాన్లో ఉన్న మాంకోజెబ్ ఒక్కటే, కార్బెండజిమ్‌కు ఊరికే డబ్బులు కట్టినట్టు.

ఇంక మూడోది, దీని దగ్గర నిదానం పనికిరాదు. మచ్చకు ఒక ఆకారం ఉండదు, వేడినీళ్లు పోసినట్టు ముదురాకుపచ్చగా మొదలై గోధుమ రంగుకు, నలుపుకు తిరుగుతుంది, కిందాకు పైయాకు అని చూడదు, కాండం కూడా మధ్యలో నల్లగా కాలినట్టు అవుతుంది. తెల్లారి మంచు ఆరకముందే పోయి ఆకు తిప్పి అడుగు పక్క చూడండి, మచ్చ అంచు వెంబడి తెల్లగా నూగు కనబడితే లేట్ బ్లైట్, ఇంక అనుమానం అక్కర్లేదు. ఎండెక్కినాక పోతే ఆ నూగు కనబడదు, అందుకే పది గంటలకు చేనికి పోయి ‘ఏం లేదే’ అని వచ్చేటోళ్లున్నారు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు చలికాలం ముందర తుఫాను ముసురు పట్టి నాలుగు రోజులు సూర్యుడు కనబడకుండా, రాత్రి 15–20 డిగ్రీలకు దిగి, ఆకు తడారకుండా ఉంటే ఇది వచ్చేస్తుంది, వచ్చినాక వారం పది రోజుల్లో తోట మొత్తం కాలబెట్టినట్టు అవుతుంది. 1845లో ఐర్లండులో ఆలుగడ్డ పంటను తుడిచిపెట్టి కరువు తెచ్చింది ఈ లేట్ బ్లైట్ తెచ్చే ఫైటాప్తోరా అనే సూక్ష్మజీవే. కోలారు, చిక్కబళ్లాపురం వైపు ఆలుగడ్డ చేను పక్కనే టమోటా వేసేటోళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, దానికి రెండూ ఒకే కంచంలో కూడు.

లేట్ బ్లైట్‌ను మనం శిలీంధ్రాల్లో కలిపి మాట్లాడతాం గానీ నిజానికి అది వేరే జాతి, నీటి నాచులకు దగ్గర చుట్టం. శాస్త్రం ముచ్చట మనకెందుకు అనుకోవద్దు, దీని వల్లనే కార్బెండజిమ్, డైఫెనోకోనజోల్ లాంటివి దాని మీద పనిచేయవు. తిరగేసి, మెటలాక్సిల్ లేట్ బ్లైట్ జాతికే గానీ ఎర్లీ బ్లైట్‌కు, సెప్టోరియాకు పనికిరాదు.

ఈ మూడింట్లో ఏదీ కాకపోతే? మచ్చ చిన్నది, నూనె మరక మాదిరి, మూలలు తిరిగినట్టు, నడుమ నల్ల చుక్కలు లేవు, వలయాలు లేవు, కాయ మీద గజ్జి, అది నన్ను ముంచిన బ్యాక్టీరియా. చిగురాకులు కంచు రంగుకు తిరిగి, కొన మాడి, కాయ మీద వలయాలు పడితే అది తామర పురుగు మోసుకొచ్చే వైరస్, దానికి ఏ బూజు మందూ పనిచేయదు, దాని సంగతి వేరే పాఠంలో.

ఇప్పటికీ తేల్చుకోలేకపోతే రాత్రికి ఒక పరీక్ష పెట్టండి. పాలిథీన్ కవర్లో తడిపి పిండిన పేపరు పెట్టి, దాని మీద మచ్చ ఆకును అడుగు పక్క పైకి ఉండేట్టు పెట్టి, గాలి ఊది మూతి కట్టి, ఎండ తగలని చోట ఉంచండి. ఫ్రిజ్‌లో వద్దు. తెల్లారికి, లేదంటే మరుసటి రోజుకు, మచ్చ అంచున తెల్ల నూగు వస్తే లేట్ బ్లైట్, మచ్చ మీద నల్లగా మసి మాదిరి వస్తే ఎర్లీ బ్లైట్, నల్ల చుక్కల్లో నుంచి తెల్లగా సన్నటి తీగ కారినట్టు ఉంటే సెప్టోరియా, ఏమీ మొలవకపోతే బ్యాక్టీరియా అనుమానం పెట్టుకోండి. రెండు రోజులు దాటినాక వచ్చిన బూజును నమ్మొద్దు, చచ్చిన ఆకు మీద ఊర్లో ఉన్న బూజులన్నీ మొలుస్తాయి.

తెగులు తెలిసింది, ఇంక పని. ముందు మందు లేని పనులు. కింది నుంచి అడుగు ఎత్తు దాకా ఆకులు తీసేయండి, కానీ మంచు ఆరినాక తీయండి, తడిలో తీస్తే మన చేతులే తెగులును అంటిస్తాయి. తీసిన ఆకును సాలు మధ్యలో పడేయకుండా గంపలో వేసి చేను బయట పూడ్చండి, గట్టు మీద కుప్ప పోసి వదిలేస్తే ఆ కుప్పే రేపటి తెగులు. కట్టెలు పాతి దారం కట్టిన తోటలో గాలి ఆడుతుంది, ఆకు తొందరగా ఆరుతుంది, నేల మీద పరిచి వదిలిన తోటలో అది జరగదు, ఆకు గుబురైతే తలనొప్పి అని పైన అన్నది దీని గురించే. మల్చింగ్ షీటు ఉంటే మట్టి చిమ్మడం తగ్గుతుంది. వీలైతే డ్రిప్పుతోనే నీళ్లు, స్ప్రింక్లర్ తప్పనిసరైతే పొద్దున పెట్టండి, సాయంత్రం పెట్టి ఆకును రాత్రంతా తడిపొద్దు. టమోటా తీసిన చేన్లో మళ్లీ టమోటా, వంగ, మిరప, ఆలుగడ్డ వేయకుండా రెండేళ్లు జొన్నో, మొక్కజొన్నో, వేరుశనగో వేస్తే మేలు, రేటు బాగున్నప్పుడు ఎవరూ ఈ మాట వినరని నాకూ తెలుసు. రకం మార్చుకునేటోళ్లు బెంగళూరు దగ్గర హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్‌ను చూడొచ్చు, ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఎర్లీ బ్లైట్ మూడింటినీ తట్టుకుంటుంది.

మందుల లెక్క. మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 40 గ్రాములు, ఎదిగిన తోటకు ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పోతే అర కిలో. ఇది రెయిన్‌కోటు లాంటిది, తడవకముందు వేసుకుంటేనే పని. ఉన్న మచ్చను మాన్పదు, కొత్త మచ్చను ఆపుతుంది. మచ్చలు అప్పటికే రెండు మూడు ఆకులు ఎక్కి ఉంటే ఎర్లీ బ్లైట్‌కు అజాక్సిస్ట్రోబిన్ 23 శాతంది లీటరుకు 1 మిల్లీ, లేదంటే డైఫెనోకోనజోల్ 25 శాతంది లీటరుకు అర మిల్లీ, ట్యాంకుకు 8 మిల్లీలు. మూతతో ఉజ్జాయింపుగా పోయొద్దు, మందుల సిరంజి ఒకటి కొనిపెట్టుకోండి, పది రూపాయల వస్తువు. ఇవి లోపలికి ఇంకే మందులు, ఒకటే మళ్లీ మళ్లీ కొడితే తెగులు అలవాటు పడుతుంది, కాబట్టి ఒకసారి మాంకోజెబ్, తర్వాత అజాక్సిస్ట్రోబిన్, మళ్లీ మాంకోజెబ్, తర్వాత డైఫెనోకోనజోల్, ఇట్లా మార్చుకుంటా పోండి.

లేట్ బ్లైట్‌కు మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసింది అందరికీ తెలిసిన మందే, కానీ 2008 తర్వాత దక్షిణాదిలో పాతుకున్న 13ఎ2 అనే లేట్ బ్లైట్ సూక్ష్మజీవి రకం మెటలాక్సిల్‌కు లొంగదు, అందుకే ‘ఎప్పుడూ పనిచేసేది ఈసారి పనిచేయలేదే’ అని తలపట్టుకునేది. సైమోక్సానిల్, మాంకోజెబ్ కలిసింది లీటరుకు 3 గ్రాములు, లేదంటే డైమెథోమార్ఫ్ 1 గ్రాముతో పాటు మాంకోజెబ్ కొట్టండి, ముసురు మొదలయ్యేముందు ఒక మాంకోజెబ్ పడి ఉంటే సగం యుద్ధం గెలిచినట్టే.

మందు ఏదైనా నాజిల్ కింద పెట్టి పైకి చూసేట్టు కొట్టాలి, మనం పై నుంచి చల్లి పోతాం, తెగులేమో కింద ఆకు అడుగున కూర్చొని ఉంటుంది. మూతికి గుడ్డ, గాలికి ఎదురు పోకుండా, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీద చూసుకొని. ఇంట్లో మనమూ ఆ కాయే తింటాం.

ఈ వారం పని: మందు కొట్టిన రోజు ఒక 5 చెట్లకు ఎర్ర దారం కట్టండి, మచ్చ ఎక్కిన పైయాకు దగ్గర. పది రోజుల తర్వాత ఆ దారం పైన కొత్త మచ్చలు ఎన్ని వచ్చినాయో లెక్కపెట్టి రాయండి. పాత మచ్చ మాయం కాలేదని మందును తిట్టొద్దు, అది మాయం కాదు, చూడాల్సింది దారం పైనే. 4వ పాఠంలో ఆ లెక్కతోనే మొదలుపెడతాం, ఆ తర్వాత నారుమడికి, విత్తన శుద్ధికి పోతాం.