హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో లాబ్‌స్టర్ పట్టాలంటే

ఏటా దసరా దగ్గరపడుతుంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆఫీసు పని మీద శాండియాగో వెళ్తున్న కుర్రాడెవరో ఉంటాడు, "అన్నా, అక్కడ లాబ్‌స్టర్లు చేత్తో పడతారంట కదా, నాకు అండమాన్‌లో చేసిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) ఉంది, ఏం కొనుక్కోవాలి?" అంటాడు. ఏం కొనాలనేది తర్వాత మాట్లాడుకుందాం తమ్ముడూ, ఇప్పటికి ఎన్ని డైవ్‌లు చేశావు అని అడుగుతాను. ఎక్కువగా వచ్చే జవాబు ఆరు. ఆరు డైవ్‌లతో రాత్రిపూట చల్లని నీళ్లలో రాళ్ల సందుల్లోకి చెయ్యి పెట్టకూడదు. కనీసం ఓ పాతిక చెయ్యండి, అందులో నాలుగైదు చలినీళ్లలో, రెండు మూడు రాత్రిపూట చెయ్యండి, అప్పుడు లాబ్‌స్టర్ సంగతి చూద్దాం. ఇది నా లెక్క, ఏ రూల్ పుస్తకంలోనూ ఉండదు.

మొదట అసలు ఏ జీవి గురించి మాట్లాడుతున్నామో చెప్తాను. దక్షిణ కాలిఫోర్నియాలో దొరికేది ముళ్ల లాబ్‌స్టర్. సినిమాల్లో చూసే, పీతకుండేలాంటి పెద్ద పెద్ద డెక్కలు దీనికి ఉండవు. పొడుగాటి ముళ్ల మీసాలు రెండు, కళ్ల మీద కొమ్ముల్లాంటి ముళ్లు, వెనక బలమైన తోక. అక్కడి డైవర్లు ముద్దుగా బగ్ అంటారు, పురుగు అన్నమాట. పగలు రాళ్ల కింద సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక తిండికోసం బయటికొచ్చి నడుస్తుంది. అందుకే వేట ఎక్కువగా రాత్రే. సీజన్ మొదట్లో మూడు నుంచి పది పన్నెండు మీటర్ల లోతులోనే బాగా దొరుకుతాయి, చలికాలం తుఫాన్లు మొదలయ్యాక లోతుకు దిగిపోతాయి.

రూల్స్ దగ్గర మాత్రం నిర్లక్ష్యం వద్దు. మన దగ్గర చెరువులో గాలం వేసినట్టు కాదు, అక్కడ వార్డెన్ (చేపల శాఖ అధికారి) ఒడ్డున నిలబడి మీ సంచి తెరిపించి ఒక్కొక్కదాన్ని కొలుస్తాడు. సీజన్ అక్టోబర్ మొదటి బుధవారానికి ముందొచ్చే శుక్రవారం సాయంత్రం 6 గంటలకు మొదలై, మార్చి 15 తర్వాత వచ్చే మొదటి బుధవారం దాకా ఉంటుంది. 16 ఏళ్లు దాటినవాళ్లకు ఫిషింగ్ లైసెన్స్ కావాలి. బయటి రాష్ట్రాలవాళ్లకు, విదేశీయులకు కూడా ఇస్తారు, తక్కువ రోజులకు కూడా దొరుకుతుంది. ఒకటి రెండు రోజుల లైసెన్స్ కాకుండా ఎక్కువ రోజులది తీసుకుంటే దక్షిణ కాలిఫోర్నియా సముద్రానికి ఓషన్ ఎన్‌హాన్స్‌మెంట్ అనే స్టాంపు కూడా కలుపుకోవాలి. వీటన్నిటి మీద లాబ్‌స్టర్ రిపోర్ట్ కార్డ్ ఒకటి విడిగా కొనాలి, పిల్లలైనా సరే ఎవరిది వాళ్లదే. నీళ్లలోకి దిగే ముందే తేదీ, చోటు, ఎలా పడుతున్నారో అందులో రాయాలి. బయటికొచ్చాక ఎన్ని ఉంచుకున్నారో రాయాలి, ఒక్కటీ దొరక్కపోతే సున్నా అని రాయాలి. మొదటిసారి నేను బయటికొచ్చి తీరిగ్గా రాద్దామనుకున్నాను, నా పక్కనున్న పెద్దాయన పెన్ను చేతిలో పెట్టి ఇప్పుడే రాయమన్నాడు, బతికిపోయాను.

రోజుకు మనిషికి 7 మాత్రమే, మీ దగ్గర ఒకేసారి ఉండగలిగేవి కూడా 7. అంటే శుక్రవారం ఏడు, శనివారం ఏడు పట్టి ఫ్రీజర్‌లో పద్నాలుగు పెట్టుకుంటే తప్పే. డైవర్లు చేత్తోనే పట్టాలి. ఈటె, వల కుదరవు, కొక్కెం ఉన్న కర్ర మీ దగ్గర ఉండటమే నేరం. పట్టినదాని తోక మధ్య రెక్కకు చిల్లు కొట్టాలి లేదా సగం కత్తిరించాలి, సరదాకి పట్టినవి దొంగచాటుగా హోటళ్లకు అమ్మకుండా పెట్టిన గుర్తు అది. రిజర్వుల సంగతి కూడా చూసుకోండి. 2012 జనవరి నుంచి దక్షిణ కాలిఫోర్నియా తీరంలో చాలా చోట్ల వేట పూర్తిగా నిషేధం. లా హోయా దగ్గర మట్లాహుయల్ రిజర్వ్, పాయింట్ లోమా కొసన కాబ్రియో రిజర్వ్ అలాంటివే. అందరూ డైవ్ చేసే బీచ్ కదా అని దిగితే మీరు దిగింది రిజర్వ్‌లో కావచ్చు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది పుస్తకం ఆ రాష్ట్ర చేపల శాఖ సైట్‌లో ఒకసారి చదువుకుని వెళ్లండి, నేను చెప్పానని కాదు.

కొలత ఎలాగో చెప్తాను, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పట్టదగ్గది అనాలంటే వీపు పెంకు 3¼ అంగుళాలు, దాదాపు 83 మిల్లీమీటర్లు ఉండాలి. తోక లెక్కలోకి రాదు. కళ్ల మధ్య, కొమ్ముల కింద ఉండే కంటి గుంట వెనక అంచు నుంచి వీపు పెంకు వెనక అంచు దాకా నడిమధ్యగా కొలవాలి. దీనికి సరిగ్గా అంతే గ్యాప్ ఉన్న గేజ్ అమ్ముతారు, మీ మణికట్టుకు కట్టుకోండి. ముందు కొస కొమ్ముల మధ్య ఆనించి వెనక కొస దించండి, పెంకు మీంచి జారి కిందికి దిగిపోయిందంటే అది చిన్నది, అక్కడే వదిలేయాలి. దిగకుండా ఆగిందంటే మీది. అటూ ఇటూగా అనిపిస్తే వదిలేయండి, వార్డెన్ గేజ్ మీ గేజ్ కంటే మొండిది. సంచిలో వేసేముందే, నీళ్లలోనే కొలిచెయ్యండి.

ఇప్పుడు సరంజామా. అండమాన్‌లో 3 మిల్లీమీటర్ల సూట్, నడుముకు నాలుగు కిలోల సీసం బరువుతో దిగిన మనకు అక్కడ దెబ్బ తగిలేది చలి దగ్గర. ఉత్తరం నుంచి వచ్చే చల్లని ప్రవాహం వల్ల అక్టోబర్‌లో నీళ్లు 18 డిగ్రీల చుట్టూ, చలికాలంలో 13, 14కి పడిపోతాయి. 7 మిల్లీమీటర్ల సూట్, హుడ్, బూట్లు, గట్టి గ్లౌజులు కావాలి. లావు సూట్ తేలుతుంది కాబట్టి సీసం ఎక్కువ కావాలి, అలాగని షాపువాడు ఇచ్చినదంతా కట్టుకోకండి. నేను మొదటి ఏడాది అలాగే కట్టుకుని పది నిమిషాలు ఇసుక మీద దేకాను, నా వెనక బురద మేఘం లేచింది, ముందున్న లాబ్‌స్టర్లన్నీ ఎగిరిపోయాయి. ముందురోజు పగలు అదే సూట్‌తో దిగి చూసుకోండి, బీసీడీలో (గాలి నింపుకునే జాకెట్‌లో) గాలి మొత్తం వదిలి మామూలుగా ఊపిరి పీల్చి ఉంటే నీటి మట్టం కళ్ల దగ్గర ఆగాలి, ఆపైన అల్యూమినియం ట్యాంక్ ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది కాబట్టి రెండు కిలోలు కలుపుకోండి. అద్దె సామాను మీద ఇంకో గొడవ, ట్యాంకులో గాలి ఎంతుందో చూపే మీటరు పీఎస్‌ఐ అనే ఒత్తిడి కొలతలో ఉంటుంది. మనం నేర్చుకున్నది బార్ లెక్క. 3000 పీఎస్‌ఐ అంటే దాదాపు 200 బార్ అని మనసులో తిప్పుకుంటూ ఉంటే, చీకట్లో 700 అని కనపడగానే "ఓహ్, బోలెడుంది" అనుకునే ప్రమాదం ఉంది, నాకు తెలిసి ఒకడు అలాగే అనుకున్నాడు. అది 50 బార్ కూడా కాదు.

లైట్లు రెండు కావాలి, ఒకటి పెద్దది, ఇంకొకటి దానికేమైనా అయితే. ట్యాంకు మీద చిన్న లైటో మెరిసే కర్రో కట్టుకుంటే జతగాడికి కనపడతారు. సంచి ఒక వైపు నుంచే లోపలికి వెళ్లే తలుపు ఉన్నది తీసుకోండి. దాన్ని బెల్టుకు ముడివేసి కట్టెయ్యకండి, అవసరమైతే ఒక్క క్షణంలో వదిలేసేలా ఉండాలి.

ఇక్కడ హైదరాబాద్‌లో ఏం చేసుకోవచ్చంటే, కొలనులో ఊపిరి మీద పట్టు. సముద్రం లేదని బాధపడే పనిలేదు. నీళ్లలో కాళ్లు చేతులు ఆడించకుండా ఒకే చోట తేలుతూ, ఒక చేత్తో లైటు పట్టుకుని, ఇంకో చేత్తో అడుగున ఉన్న నాణెం తీసి సంచిలో వేసి, మధ్యలో గేజ్ చూసుకోండి. వారానికి రెండు సార్లు చేస్తే అక్కడ సగం పని అయిపోయినట్టే. మొదట్లో మా కొలనులో ఉన్న పిల్లలు నన్ను చూసి నవ్వేవాళ్లు, తర్వాత వాళ్లే నాణేలు దాచిపెట్టేవాళ్లు. మరో మాట, ఛాతీలో నొప్పి, ఆయాసం, బీపీ ఉన్నవాళ్లు వెళ్లే ముందు డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ చూపించుకోండి. సీజన్ మొదటి రాత్రుల్లో అక్కడ డైవర్లు చనిపోయిన వార్తలు వస్తుంటాయి. ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఒక్కసారిగా అలల మీద బరువులతో ఈదితే గుండె ఊరుకోదు.

ఇక పట్టడం. అలల వరసల మధ్య విరామం చూసి, మాస్క్ పెట్టుకుని, రెగ్యులేటర్ (ట్యాంకు గాలి అందించే పరికరం) నోట్లో ఉంచుకుని, ఇసుకలో పాదాలు ఈడుస్తూ దిగండి. అడుగు ఎత్తి వేస్తే టెంకు చేప (తోకలో ముల్లుండే స్టింగ్‌రే) మీద పడొచ్చు, ఈడిస్తే అదే పక్కకు తప్పుకుంటుంది. రాతి అరుగుల కింద లైటు తిన్నగా కొట్టకుండా కొంచెం పక్కకు కొట్టండి. మొదట కనపడేవి మీసాలే. మీసాలు పట్టి లాగితే చేతిలో అవే మిగులుతాయి, కాళ్లు కూడా అంతే, ఊడిపోతాయి. లాబ్‌స్టర్ తోక ఝాడించి వెనక్కి ఎగురుతుంది కాబట్టి ఆలోచిస్తూ చెయ్యి గాల్లో ఆడించకండి. పట్టాలని నిర్ణయించుకుంటే ఒక్క దెబ్బతో అరచేతిని దాని వీపు మీద వేసి రాయికో ఇసుకకో అదమండి, కొమ్ముల మొదలు దగ్గర వేళ్లు బిగించండి, ఒక క్షణం అలాగే ఆగండి. తోక కొట్టుకోవడం ఆగాక కొలవండి. సంచిలోకి తోక ముందుగా పెట్టండి, వెనక్కే ఈదుతుంది కాబట్టి తనే లోపలికి పోతుంది. గుడ్లున్న ఆడది కనపడితే నేను వదిలేస్తాను.

ఒకసారి తప్పిపోయి సందులోకి దూరితే వెంటపడకండి. నా గుండె జారిన రాత్రి అదే. అరుగు కింద బాగా పెద్దది ఉంది, భుజం దాకా చెయ్యి దూర్చాను, ఇంకాస్త, ఇంకాస్త అంటూ. ఆ సందులోనే నోరు తెరిచి మూసుకుంటూ మోరే ఈల్ అనే పాములాంటి చేప ఉంది, అది పక్కకు తప్పుకుంది గానీ కరిస్తే తప్పు నాదే అయ్యేది. వెనక్కి తిరిగి చూస్తే జతగాడి లైటు లేదు, మీటరు చూస్తే 600 పీఎస్‌ఐ. పది మీటర్ల లోతులో పైనున్నప్పటికి రెండింతలు గాలి అయిపోతుంది, కంగారులో ఇంకా ఎక్కువ. నేను నింపాదిగా పైకొచ్చాను, వాడు కూడా నాకోసం వెతుకుతూ పైకొచ్చాడు, ఇద్దరం ఒకరినొకరు తిట్టుకున్నాం. అప్పటినుంచి మా ఒప్పందం, ఒకడు చెయ్యి పెడితే రెండోవాడు వాడి గాలి చూస్తాడు, 1500 దగ్గర వెనక్కి తిరగడం, సంచిలో ఒక్కటీ లేకపోయినా.

కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు గురించి చాలామంది భయపడతారు. అది నీటిలో అడవి, పైన ఆకులు పరచుకుని ఉంటాయి. చిక్కుకుంటే గిరగిరా తిరగకండి, ఆగి, అడ్డం వచ్చిన కాడను పట్టి వంచితే లేత మునక్కాడలా ఫట్‌మని విరుగుతుంది. కాకపోతే ఆ ఆకుల మధ్యలోంచి పైకి రావడం చిరాకు, అందుకే కిందినుంచే ఈది బయటికి రావడానికి సరిపడా గాలి ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణం కూడా ముందే చూసుకోండి. చివరి డైవ్‌కు, విమానానికి మధ్య కనీసం 18 గంటలు ఉంచండి. 

వంటకు వస్తే, పట్టినవాటిని తడిగుడ్డ కప్పి ఐస్ మీద పెట్టండి, మంచినీళ్లలో ముంచకండి. చలికి మొద్దుబారాక కత్తితో తల మధ్యలో పొడిస్తే సరి. తోక తిప్పి వేరు చేసి, దాని మీసం ఒకటి విరిచి, తోక చివరున్న చిన్న రంధ్రంలో లావు వైపు నుంచి గుచ్చి తిప్పి లాగితే పేగు మొత్తం వచ్చేస్తుంది, మీసం మీది ముళ్లే పని చేస్తాయి. నేను అల్లం వెల్లుల్లి, కారం, కాస్త నూనెతో రొయ్యల ఇగురులా ఆరేడు నిమిషాలు చేస్తాను, ఎక్కువసేపు ఉంచితే రబ్బరే. వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ, "రాంనగర్ చేపల మార్కెట్‌కు పోతే గంటల అయ్యే పనికి సముద్రంల మునుగుడేందిరా" అంది.

అన్నట్టు రిపోర్ట్ కార్డ్ మర్చిపోకండి. మార్చితో సీజన్ అయిపోయినా, మీరు ఎప్పుడో గచ్చిబౌలికి వచ్చి పడ్డా, ఏప్రిల్ 30 లోపు ఆన్‌లైన్‌లో దాన్ని నింపి పంపాలి. పంపకపోతే వచ్చే ఏడాది కార్డు కొనేటప్పుడు అదనపు రుసుము పడుతుంది. నేను రెండోసారి ఏప్రిల్ 29 రాత్రి పదకొండింటికి ఇంట్లో ఏసీ కింద కూర్చుని నింపాను, ఆ రాత్రుల్లో మూడింట్లో కార్డు మీద సున్నాలే ఉన్నాయి.